పదకొండు సెకన్లు

వాన వెలిసినా చూరు కారుతూనే ఉండే ఊరు మాది,
ఉత్తర స్పెయిన్‌లో సముద్రానికి చెవి ఒగ్గిన రేవు.
మొన్న మార్చిలో మా వీధి దీపాలకి కళ్ళొచ్చాయి.

స్తంభం మెడ కింద గోళీకాయంత సెన్సర్.
మనిషి వస్తే వెలుగు, కదలిక ఆగితే మసక.
మధ్యలో గడువు పదకొండు సెకన్లు.
ఆ పదకొండు నేను పెట్టిందే.
అడిగితే లెక్క చూపిస్తాను:
స్తంభానికీ స్తంభానికీ నడుమ పద్నాలుగు మీటర్లు,
దానికి సగటు మనిషి నడక.
సగటు మనిషిని నేనెప్పుడూ చూడలేదు,
పట్టికలో మాత్రం రోజూ పలకరిస్తాడు.

పురపాలక భవనం రెండో అంతస్తులో నా రాత్రి కొలువు.
గోడంత తెర మీద ఊరు పేలాల్లా చిట్లుతుంటుంది.
చెత్త డబ్బాలు నిండామంటాయి,
పార్కులో మట్టి దాహమంటుంది,
బస్సు తన ఆలస్యాన్ని రాకముందే ఒప్పుకుంటుంది.
ఇంత మాటకారి ఊళ్ళో
కాఫీ మిషను ఒక్కటే చిల్లర మింగి ఊరుకుంటుంది.

జాలరి పేట, ఏడో వీధి.
తెల్లవారుజాము మూడూ పదికి
ఒక దీపం వెలుగుతుంది, ఆరుతుంది,
వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది.
తరవాతి దీపం దగ్గరా అంతే.
వారం రోజులుగా నివేదికలో దాని పేరు ‘లోపం’.
తీగ తడిసిందన్నాడు ఎలాడియో.
నిచ్చెన బండి సోమవారం దాకా దొరకదన్నారు.
నేనే వెళ్ళాను, గొడుగు మరిచి.

ఆవిడ పేరు ఒబ్దూలియా.
ఒక చేత కర్ర, ఇంకో చేత మూత పెట్టిన గిన్నె.
మంచు గిడ్డంగిలో కాపలా కాసే తమ్ముడికి
వేడి వేడిగా చిక్కుడుగింజల పులుసు.
ఆరడుగులు నడిచి ఆగుతుంది, ఊపిరి కోసం.
కాసేపటికి దీపం ఆమెను ఇంకో స్తంభమనుకుంటుంది.
చీకటి.
అప్పుడు కర్ర ఎత్తి
దూరంగా పోయే పడవను పిలిచినట్టు ఊపుతుంది.
నా తెర మీది లోపం అదే.

“దీపాలు మీవేనా?” అంది, నా చొక్కా మీద ముద్ర చూసి.
తిడుతుందనుకున్నాను. గిన్నె పట్టుకోమంది.
“యాభై రెండేళ్ళు వలలు బాగుచేశాను.
పడేదేదో, జారేదేదో వల కన్ను చెబుతుంది.
చిన్న చేపను వదిలేస్తే
దయ అనేవాడు మా నాన్న,
చట్టం అనేవాడు తనిఖీ అధికారి.
మీ కన్ను ఎవరు కొలిచారమ్మా?
నేనేం చిన్న చేపను కాదే!”

ఏం చెప్పను? సగటు మనిషి కొలిచాడనా?
మాటల్లో ఉండగానే ఆరిపోయింది దీపం.
ఆమె కర్ర ఊపింది, నేను గిన్నె ఊపాను.
వెలుగు వచ్చేసరికి
నా చెప్పుల మీద పులుసు, వెల్లుల్లి వాసన.

తిరిగొచ్చి తడి చేతుల్తోనే
ఏడో వీధి లెక్క తెరిచాను.
పదకొండు చెరిపి యాభై అని కొట్టాను.
కరెంటు ఆదా కొంత తగ్గుతుందని
యంత్రం హెచ్చరించింది, మర్యాదగానే.
‘కారణం’ అన్న గడి నింపందే ముందుకు పోనివ్వదు.
ముసలావిడ అని రాయబోయి ఆగాను.
రాస్తే ఆమెకో సంఖ్య పడుతుంది.
మూడూ పదికి ఆ వీధిలో ఒంటరిగా నడిచేదెవరో
తెలుసుకోవాలనుకున్న ప్రతివాడికీ తెలుస్తుంది.
ఏదీ దాచుకోని ఊళ్ళో ఒక్క మాట దాచాను.
గడిలో ‘గాలి’ అని రాశాను.

దక్షిణపు గాలి మా దగ్గర దేనికైనా పూచీ పడుతుంది,
తలనొప్పికీ, విరిగిన కిటికీకీ, విడాకులకీ.

“లోపం పోయిందా?” అన్నాడు ఎలాడియో, గురువారం.
మూడూ పది.
ఏడో వీధిలో ఒక చుక్క
ఆగిన చోటే, ఆరకుండా.

మిగతా ఊరంతా ఇంకా పదకొండే.
నూట నలభై వీధులు.
గాలి మాత్రం
ఎన్ని చోట్లని వీస్తుంది?